గాజులు తొడిగిన సీసాలు

ఆరోపణ ఏమిటో ముందు చెబుతాను, చేసినవారి మాటల్లోనే. "విద్యార్థులను ఇంటికి పిలిచి వైన్ పోసిన మనిషి ఆవిడ. రేపు మన చర్చాపోటీకి ఆవిడ పేరు పెడితే తల్లిదండ్రులకు మనమేం జవాబు చెబుతాం?" ఈ మాట వినబడింది మా తర్కశాస్త్రం మేడం సంతాపసభలో. అన్నవారు ఆవిడతో ఒకే స్టాఫ్‌రూములో ఏళ్ల తరబడి కూర్చున్న ఒక సీనియర్ అధ్యాపకులు. అప్పటికి మేడం ఫొటోకు వేసిన చామంతి దండలోంచి నీళ్లు ఇంకా కారుతూనే ఉన్నాయి.

మేడం పోయారన్న కబురు నాకు తుక్కుగూడలో, మా ఇంటి డాబా మీద తడిబట్టలు ఆరేస్తుండగా వచ్చింది. ఫోను చేసినది ఖాలా. ఉర్దూ అధ్యాపకురాలిగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి, శంషాబాద్‌లో మేడం పక్కింట్లో ఉంటారు, చిన్నప్పటినుంచీ మేడంకు స్నేహితురాలు. మేము విద్యార్థులం కూడా ఆవిడను ఖాలా, అంటే పిన్ని, అనే పిలుస్తాం.

"బేటా, మీ మేడం పోయింది," అన్నారు. "పొద్దుగాల చాయ్ తీస్కపోయిన. మంచం మీదనే ఉన్నది. నిద్రపోయిందనుకున్న. జర తొందరగ రా. నాకు ఒక్కదానికి ఏం చెయ్యాల్నో తెలుస్తలేదు."

ఫోను పెట్టేసి, బకెట్టులో మిగిలిన బట్టలన్నీ ఆరేసి, క్లిప్పులు పెట్టి, అప్పుడు కిందికి దిగాను. మాటకు మాట తడుముకోకుండా ఇస్తానని కాలేజీలో నాకు పేరు. ఆ ఉదయం మా బాపు "ఏమైంది బిడ్డా?" అని అడిగితే నోరు పెగలక శంషాబాద్ వైపు చెయ్యి చూపించాను.

ఆరోపణ సంగతికి వస్తాను. దాన్ని నేను కాదనను. మేడం వైన్ పోశారు, నేను తాగాను. చట్టం అడిగే వయసు దాటి, ఎం.ఏ. చదువుతున్నవాళ్లకే పోశారు, ఆ వయసు రాని జూనియర్ ఒకమ్మాయి వచ్చి కూర్చుంటే ద్రాక్ష షర్బత్ ఇచ్చారు. ఈ సోమవారం అధ్యాపకులూ విద్యార్థులూ ఉన్న చర్చాసంఘం సమావేశమై, మన వార్షిక పోటీకి ఆవిడ పేరు ఉండాలో వద్దో తేల్చబోతున్నది. ఆ సంఘాన్ని మొదలుపెట్టినవారు ఆవిడ. కుర్చీలు లేని గదిలో, నలుగురిని నేలమీద కూర్చోబెట్టి, మాట్లాడటమంటే ఏమిటో నేర్పినవారు ఆవిడ. ఆ పేరు అక్కడ చెరిగిపోతే, చెరిపిన కారణం ఒక్కటే మిగులుతుంది: తాగుడు మేడం. అది మిగలనివ్వకూడదనే ఇది రాస్తున్నాను. ఆవిడ ఇంట్లో ఏం జరిగిందో మొదటినుంచీ చూసినవాళ్లం ఐదుగురమే, అందులో ఒకరు ఇప్పుడు లేరు.

మేడం ఇల్లు శంషాబాద్‌లో హైవేకు కాస్త లోపలగా ఉంటుంది. ఒకప్పుడు అక్కడ వాళ్ల నాన్నగారి ద్రాక్షతోట ఉండేదట. పొడుగు గింజల తెల్లద్రాక్ష, రాతి కూసాల మీద పందిళ్లు. నీళ్లు అడుగంటి తోట పోయింది, తర్వాత విమానాశ్రయం వచ్చి చుట్టుపక్కల పొలాలు పోయాయి, మేడం తన వాటా ముక్కలో చిన్న ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం నాకున్నా, అడగాలన్న ఆలోచన రాలేదు.

"ఎయిర్‌పోర్టు వచ్చినంక నాకు దోస్తులు పెరిగిండ్రు," అనేవారు నవ్వుతూ. "విమానం ఇంకా నాలుగు గంటలకున్నదంటే నా ఇల్లు యాదికొస్తది. ఎవలు రారు నా ఇంటికి. ఆగుతరు, అంతే."

అలా ఆగే స్నేహితుల్లో ముఖ్యులు గుంటూరు మాస్టారు. ఎం.ఏ.లో మేడంకు సహాధ్యాయి. కూతురు నాసిక్ వైపు కాపురముంటుంది, అక్కడికి ఏడాదికి నాలుగైదుసార్లు మా విమానాశ్రయం మీదుగానే పోయి వస్తుంటారు. నాసిక్ అంటే ద్రాక్ష, ద్రాక్ష అంటే వైన్. వచ్చిన ప్రతిసారీ పంచెల మడతల్లో చుట్టి రెండు మూడు సీసాలు తెచ్చేవారు. ద్రాక్షతోటలో పుట్టి పెరిగి కూడా ద్రాక్ష చివరికి ఏమవుతుందో చూడలేదన్న కొరత మేడంకు ఉండేది. ఆయన రాకకు సరిపడేలా ఒక ఆదివారం సాయంత్రం భోజనం పెట్టి, ఆ సీసాలను ఒకదానితో ఒకటి పోల్చి చూసేవారు. విందు అన్న మాటకు బెదిరిపోయేవారి కోసం చెబుతున్నాను: ఐదుగురం మనుషులం, బగారన్నం, మటన్ కూర, పచ్చిపులుసు, రాత్రి కాకముందే గిన్నెలు కడిగి ఎవరింటికి వాళ్లం.

నేను మొదటిసారి పోయింది, కాలేజీల మధ్య జరిగిన ఒక పోటీలో ఎదుటి జట్టును ఏడిపించి మరీ గెలిచిన వారంలో. మెచ్చుకుంటారనుకున్నాను. "ఆదివారం ఇంటికి రా, నీ జోడీని గూడ తీస్కరా," అన్నారు మేడం. నా జోడీ అంటే నాతో కలిసి పోటీల్లో మాట్లాడే అబ్బాయి, రావిర్యాల వాడు. దారంతా వాడు, "మందు గిట్ల ఉంటదంటనే. మా అవ్వకు తెలిస్తే తోలు తీస్తది," అంటూనే ఉన్నాడు, బస్సు దిగగానే అందరికంటే ముందు నడిచాడు.

బల్ల మీద సీసాలు వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి పేర్లు కనబడకుండా ఖాలా ఇంట్లోని ఉర్దూ పత్రిక కాగితాలు చుట్టి ఉన్నాయి. ప్రతి సీసాకూ ఒక గాజు తొడిగి ఉంది. మెడ మీదుగా జారి భుజాల దగ్గర ఆగింది. ఒకదానికి ఎర్రగాజు, ఒకదానికి పచ్చగాజు, ఒకదానికి నీలిగాజు. లాడ్‌బజార్ నుంచి ఖాలా తెచ్చినవి.

"పేరు తెలిస్తే నాలుక సొంతంగ ఆలోచించదు," అన్నారు మేడం. "ఎర్రగాజుదాని గురించి చెప్పు, పచ్చగాజుదాని గురించి చెప్పు. అంతే."

వైన్ గ్లాసులు ఆ ఇంట్లో లేవు. ఇరానీ హోటళ్లలో చాయ్ ఇచ్చే చిన్న గ్లాసుల్లో, రెండు గుక్కలకు సరిపోయేంత పోశారు. ఖాలా మాత్రం గ్లాసు ముందుకు తోసేశారు.

"నేను తాగను. మా మతంల లేదు. వాసన చూసి జడ్జి పని చేస్త," అన్నారు.

"తాగని జడ్జి ఏం చెప్తది ఖాలా?" అన్నాడు మా వాడు.

"అరే, తాగని జడ్జి దగ్గరనే ఇన్సాఫ్ ఉంటది. తాగినోళ్లంత వకీళ్లు."

మొదట నన్ను మాట్లాడమన్నారు. నేను సిద్ధపడి వచ్చాను. ముందురోజే లైబ్రరీలో కూర్చుని వైన్ గురించి చదివాను. గ్లాసును వెలుతురుకు ఎత్తి, ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, "ఇందులో చెర్రీ పండు ఛాయ ఉన్నది, వెనుకగా ఓక్ చెక్క తెలుస్తున్నది," అన్నాను.

మేడం ముఖంలో నవ్వు లేదు. "ఓక్ చెక్క ఎప్పుడు నమిలినవు బిడ్డా?" అన్నారు.

మా వాడు పొలమారి దగ్గాడు. గుంటూరు మాస్టారు పంచె అంచుతో కళ్లద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టారు.

"నువ్వు తినని పండు పేరు చెప్పకు. నా ఇంట్ల అదొక్కటే కట్టుబాటు," అన్నారు మేడం. "ఇగ మల్ల చెప్పు."

మళ్లీ చెప్పలేకపోయాను. పుస్తకం తీసేస్తే నా నాలుక మీద ఏముందో నాకే తెలియలేదు. చివరికి, "పుల్లగా ఉంది మేడం," అని ఊరుకున్నాను. "ఏం పులుపు? చింతకాయదా, నిమ్మకాయదా, మజ్జిగదా?" అని వెంటపడ్డారు. వేదికల మీద నన్ను అంత ఇరుకున పెట్టిన ప్రత్యర్థి అప్పటిదాకా తగల్లేదు.

మొదటి ఏడాది అంతా ఇలాగే గడిచింది. అందరం నేర్చుకున్నాం. మా వాడు ఒకసారి, "కొత్త గోనెసంచిల మూతి పెట్టినట్టున్నది," అంటే మేడం ఎంతో సంబరపడ్డారు. గుంటూరు మాస్టారుకు మాత్రం పొగడ్త తప్ప వర్ణన చేతకాదు. "బ్రహ్మాండంగా ఉందండీ," అంటారు. "బ్రహ్మాండం ఏ చెట్టుకు కాస్తదయ్యా?" అని మేడం. రాష్ట్రం విడిపోవాలా వద్దా అని మాస్టారూ మా వాడూ అన్నం ముందు వాదులాడుకుంటే మేడం అడ్డుపడేవారు కాదు. సీసా మూత తీశాక ఆ మాట ఎత్తితే మాత్రం ఊరుకునేవారు కాదు.

మా ఇంట్లో ఈ సంగతి దాగలేదు. "గా మేడం ఇంట్ల మందు పోస్తరంట గదా?" అన్నాడు బాపు ఒకనాడు, పేపరు మీంచి కళ్లు ఎత్తకుండా.

"అవును బాపు. రెండు గుక్కలు."

"రెండు గుక్కలకు గంత దూరం పోవుడెందుకు?"

"మాట్లాడటానికి."

"తాగి మాట్లాడెటోళ్లను మస్తుమందిని చూసిన," అన్నాడు బాపు. "మాట్లాడెతందుకు తాగెటోళ్లను గిప్పుడే చూస్తున్న." మళ్లీ ఎప్పుడూ అడగలేదు. బస్సు ఆలస్యమైతే మాత్రం తుక్కుగూడ చౌరస్తాకు వచ్చి నిలబడేవాడు.

ఇక నేను అసలు చెప్పవలసిన సాయంత్రం. ఎండలు ముదిరిన రోజులు. మాస్టారు ఆసారి తెచ్చినవి రెండే సీసాలు, పోల్చడానికి మూడోది కావాలని మేడం వంటింటి అటక మీద ఎప్పటిదో ఒక సీసా వెతికి దించారు. కాగితం చుట్టారు, నీలిగాజు తొడిగారు. ఖాలా నమాజుకు లోపలి గదిలోకి పోయారు. మేడం ఎప్పటిలాగే ముందు తన గ్లాసు అందుకుని, పెదవులకు ఆనించి, కింద పెట్టి, "కానియ్యుండ్రి," అన్నారు.

ఆ గుక్క నా గొంతులో నిప్పులా దిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. మేడం ముఖం చూశాను. ఆవిడ ప్రశాంతంగా, ఆసక్తిగా మా వైపే చూస్తున్నారు. నాకు వెంటనే అర్థమైందనుకున్నాను: ఇది పరీక్ష. తర్కం చెప్పే మనిషి, మాకు ఉచ్చు వేసింది. మా వాడికీ అదే తోచిందని వాడి కనుబొమ్మలు చెప్పాయి.

"గట్టి సరుకు మేడం," అన్నాడు వాడు గొంతు సవరించుకుంటూ. "చింతకాయ తొక్కు, నిరుటిది, జాడీల అడుగున మిగిలినట్టు."

"చాలా పాత పద్ధతిలో చేసినదై ఉండాలండీ," అన్నారు మాస్టారు, చెమట తుడుచుకుంటూ. "ఇటువంటివి అందరికీ అర్థం కావు."

నా వంతు వచ్చింది. నేను లేచి నిలబడి మరీ మాట్లాడాను. మిగతా వైన్లు తీపి చాటున తమ లోపాన్ని దాచుకుంటున్నాయనీ, ఈ నీలిగాజుది మాత్రం తన పులుపును బాహాటంగా ఒప్పుకుంటున్నదనీ, బల్ల మీదున్న మూడింటిలో నిజాయితీ ఉన్నది దీనికొక్కదానికేననీ వాదించాను. మంచి ఉపన్యాసం. ఏ పోటీలోనైనా బహుమతి వచ్చేది. మేడం శ్రద్ధగా విన్నారు, తలాడించారు, "అట్లనా!" అన్నారు.

అప్పుడు ఖాలా లోపలినుంచి వచ్చారు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరంగా జరిపారు.

"యా అల్లా! గిది సిర్కా! మీ ముగ్గురికి దిమాగ్ ఉన్నదా? మా ఇంట్ల ఉల్లిగడ్డలు ఊరేస్తం దీంట్ల!"

బిరడా వదులై, గాలి సోకి, ఎండాకాలమంతా అటక మీద ఉడికి, ఆ వైన్ ఎప్పుడో సిర్కా, అంటే వెనిగర్, అయిపోయింది. మొదట మాస్టారు నవ్వారు. తర్వాత అందరం నవ్వాం, బల్ల మీద చేతులు కొట్టి, ఊపిరాడనంతగా. "నిజాయితీ ఉన్నదంట, సిర్కాకు!" అని మా వాడు నన్ను ఏడిపించాడు. "నువ్వు మాత్రం? జాడీ అడుగు దాంక దిగలేదా?" అని నేను. నవ్వుతూ నవ్వుతూ వాడే అన్నాడు, "అయినా మేడం, మీరు అందరికంటే ముందు చూసిండ్రు గదా, మీకు తెల్వలేదా?"

మేడం నవ్వలేదు. బల్లమీది మెతుకు ఒకటి వేలితో తీసి పళ్లెంలో వేశారు.

"చెప్పు ఇగ," అన్నారు ఖాలా ఆవిడతో, గొంతు తగ్గించి. "ఎన్నిదినాలు దాస్తవు? వీళ్లు పరాయోళ్లా?"

మేడం ఎప్పుడో ఒక ఏడాది చాలాకాలం సెలవు పెట్టిన సంగతి కాలేజీలో అందరికీ తెలుసు. గొంతులో గడ్డ వచ్చిందని, దవాఖానలో కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారని, తగ్గిందని కూడా తెలుసు. మాకు తెలియనిది మిగతాది.

"కరెంటు పెట్టినంక రుచి పోయింది," అన్నారు. "మెల్లగ వస్తదన్నడు డాక్టరు. కొందరికి వస్తదంట. నాకు రాలె. వాసన గూడ సగం పోయింది. అన్నం, పప్పు, ఆకు, అన్ని ఒకటే నాకు. తడిసిన కాయితం నమిలినట్టుంటది. నీళ్లు తప్ప ఏది తగిలినా మంటనే. అందుకే సిర్కాకు, వైన్‌కు తేడా తెల్వలె." తన ముందున్న గ్లాసు వైపు చూశారు. "డాక్టరు తాగొద్దన్నడు. పెదాలు తడుపుకుంట, అంతే. మీరు మొహమాటపడకుంట తాగాలె గదా."

"మరి ఈ విందులెందుకండీ?" అన్నారు మాస్టారు. ఇన్నేళ్లు సీసాలు మోసుకొచ్చిన మనిషి.

మేడం నా వైపు తిరిగారు, ప్రశ్న నేను అడిగినట్టు. "నువ్వు నేరేడుపండు అన్నవనుకో, నాకు నేరేడుపండు యాదికొస్తది. నోట్లకు వస్తది, నిజంగ. చింతచిగురు అంటే చింతచిగురు వస్తది. ఓక్ చెక్క అంటే నేనేడికి పోవాలె బిడ్డా?"

తొండుపల్లి వైపు దిగే విమానం ఒకటి ఇంటి మీదుగా పోయింది, గోడమీది గడియారం అద్దం సన్నగా అదిరింది. అన్నం చల్లారిపోతున్నదని ఖాలానే మళ్లీ మొదలుపెట్టారు.

ఆ సాయంత్రం తర్వాత మేము తాగే తీరు మారింది. గెలవడానికి మాట్లాడే అలవాటున్న నేను, ఒక మనిషికి అన్నం తినిపించడానికి మాట్లాడవలసి వచ్చింది. అది వేరే పని. అబద్ధం చెబితే ఆవిడకు ఏమీ అందదు. అతిశయోక్తి చెబితే అందుతుంది కానీ తప్పుడుది అందుతుంది. తుక్కుగూడ నుంచి శంషాబాద్ పోయే దారిలో బస్సు దిగి, రోడ్డు పక్కన అమ్మే ప్రతి పండూ కొని తిన్నాను. వాకాయలు, పరికిపండ్లు, పచ్చి ఖర్జూరం. మాటకు సరుకు కావాలి కదా. మా వాడు ఒక అడుగు ముందుకు పోయి, నిజంగానే గోనెసంచి దారం నమిలి చూశాడట. "నేను అబద్ధమాడలేదే, అట్లనే ఉన్నది," అని నాకు ఫోను చేసి మరీ చెప్పాడు.

ఒక వానాకాలపు ఆదివారం, ఎర్రగాజుదానికీ పచ్చగాజుదానికీ పోటీ పడింది. నేను పచ్చగాజుదే మేలన్నాను, వాడు ఎర్రగాజుదన్నాడు, ఇద్దరం కొట్టుకునేదాకా వచ్చాం.

"ఏది మంచిదని నేను అడిగిన్నా?" అన్నారు మేడం. "ఏది ఏ తీరుగున్నదో చెప్పుండ్రి. తీర్పు నాకెందుకు? తీర్పు తినొస్తదా?"

అప్పుడు నెమ్మదిగా, ఒక్కో గుక్కకూ మధ్య నీళ్లు తాగి చెప్పాను. ఎర్రగాజుది నాలుక మీద నిలవకుండా జారిపోతున్నది, చెరుకురసంలో నిమ్మకాయ ఎక్కువ పిండినట్టు. పచ్చగాజుది ముందు ఏమీ అనిపించదు. మింగిన తర్వాత చెంపల లోపల వగరు పట్టుకుంటుంది, నాలుక బరకగా అవుతుంది, బాగా పండని నేరేడుపండ్లు గుప్పెడు తిన్నాక అయినట్టు.

మేడం కళ్లు మూసుకున్నారు. ఆవిడ దవడ కొద్దిగా కదిలింది. లోపల ఏదో నములుతున్నట్టే ఉంది.

"ఆ," అన్నారు చాలాసేపటికి. "దొరికింది." కళ్లు తెరిచి ఖాలాను చూశారు. "నేరేడుపండ్లు తిని నాలుక చూపించుకునేటోళ్లం, యాదికున్నదా? ఎవలది ఎక్కువ నల్లగైతే వాళ్లు రాణి."

"ఎప్పుడు నేనే రాణి," అన్నారు ఖాలా. తెల్లని దుపట్టా సవరించుకుని, మా అందరి ముందు, ఆ వయసులో, నాలుక చాపి చూపించారు. మేడం నవ్వు నేను అంత గట్టిగా విన్నది ఆ ఒక్కసారే.

ఆ రోజు గిన్నెలు కడుగుతూ అడిగాను, కాలేజీలో ఈ సంగతి ఎందుకు చెప్పలేదని. సబ్బునీళ్లలోంచి చాయ్ గ్లాసు తీసి వెలుతురుకు పట్టి చూస్తూ చెప్పారు. "చెప్తే జాలిపడతరు. నా ముందట డబ్బాలు విప్పరు. ఇప్పుడైతే తలా ఇంత పెట్టి ఎట్లున్నది మేడం అని అడుగుతరు. బాగున్నదంట. వాళ్లకు సంతోషమైతది. నాకు పక్కన మనుషులుంటరు."

ఆ మాట తర్వాత నేను స్టాఫ్‌రూము మీదుగా పోయేటప్పుడు లోపలికి చూడటం మొదలుపెట్టాను. మధ్యాహ్నం ఒక పొడవాటి బల్ల చుట్టూ డబ్బాలు విప్పి అందరూ మాట్లాడుతూ ఉంటారు. మేడం ఒక కొసన కూర్చుని, అందరూ పెట్టినదాన్నల్లా, ఒకే వేగంతో, ఒకే ముఖంతో, మెతుకు మిగల్చకుండా తింటూ ఉంటారు. అందరికీ ఒకే మాట: బాగున్నది. అంతమంది మధ్య అంత ఒంటరిగా కూర్చున్న మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి. ఆవిడ తాగలేదు, తాగలేకపోయారు, కనుక ఆరోపణ వీగిపోయింది అని నేను వాదించవచ్చు. అది సులువైన గెలుపు. నాకు వద్దు. రుచి ఉన్న రోజుల్లో ఆవిడ తాగారు, ఇష్టపడి తాగారు, స్నేహితులతో కూర్చుని తాగారు. ఆ రోజులు ఆవిడకు ఇంకా ఉండి ఉంటే ఈ వ్యాసం నేను మరింత సంతోషంగా రాసి ఉండేదాన్ని. ఆవిడ మాకు పోసినది రెండు గుక్కల వైన్, అడిగినది నోటిలో ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పమని. ఆ రెండో పని చేయించే ఉపాధ్యాయులు ఈ కాలేజీలో ఇంకెవరున్నారో ఆరోపణ చేసినవారు చూపించాలి.

ఇంకొక సంగతి. ఆ పెద్దమనిషే, అదే సంతాపసభలో, అదే ఉపన్యాసంలో, వైన్ మాట ఎత్తడానికి కొంచెం ముందు ఇలా అన్నారు: "మా ఇంటి పులిహోర అంటే ఆవిడకు ప్రాణం. నేను డబ్బా విప్పితే చాలు, మేడం అడిగి మరీ పెట్టించుకునేది. ఆ రుచి మరెక్కడా రాదు సార్ అనేది." ఆయన అబద్ధం చెప్పలేదు. మేడం అలాగే అని ఉంటారు. సభలో మా వాడు నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, నేను లేస్తానని. నేను లేవలేదు. మేడం దాచుకున్నదాన్ని బయటపెట్టే హక్కు నాకున్నదో లేదో ఆ క్షణంలో నాకు తేలలేదు.

ఖాలాను అడిగాను. సభ అయిన తర్వాతి ఆదివారం నేనూ మా వాడూ శంషాబాద్ పోయాం. మేడం ఇంటి తాళం ఖాలా దగ్గరే ఉంది. తలుపు తీసి, బల్ల తుడిచి, ఆవిడే వండిన కిచిడీ, అందులోకి చింతపండు నువ్వుల ఖట్టా తెచ్చి పెట్టారు. గుంటూరు మాస్టారు రాలేదు. ఇక మీదట విమానానికి నేరుగానే పోతానని ఫోనులో చెప్పారట. ముగ్గురం కూర్చున్నాం. వడ్డించుకున్నాం. ఎవరమూ ముద్ద కలపలేదు. ఆ ఇంట్లో మొదటి ముద్ద తినగానే ఎవరో ఒకరు అది ఎలా ఉందో చెప్పడం అలవాటైపోయింది, ముగ్గురికీ మాటలు ఉన్నాయి, చెప్పవలసిన చోట ఖాళీ కుర్చీ ఉంది.

"ఖట్టా ఎట్లున్నది బేటా?" అన్నారు ఖాలా చివరికి.

చెప్పాను. చింతపండు కొత్తది, ఇంకా పచ్చిదనం పోలేదు, వేయించిన నువ్వుల చేదు వెనుకగా వస్తున్నది, ఉప్పు ఒక చిటికెడు తక్కువ. కుర్చీ వైపు చూసే చెప్పాను. మా వాడు లేచి పెరట్లోకి పోయాడు.

"రాయి," అన్నారు ఖాలా. "దాచుకున్నది ఆమె. ఆమెతోనే అయిపోయింది. నాకు దాచేది ఏం లేదు. నాకు చెప్పెతందుకు గూడ ఎవలు లేరు."

కనుక రాశాను. సోమవారం మీరందరూ ఆ గదిలో కూర్చుంటారు. మేడం పేరు ఉండాలా వద్దా అని చేతులెత్తమంటారు. దానికంటే ముందు నా ప్రశ్న ఒకటి ఉంది, దాన్ని సమావేశంలో మొదటి అంశంగా తీసుకోవాలని కోరడం లేదు, పట్టుబడుతున్నాను. ఆవిడ పక్కన కూర్చుని రోజూ అన్నం తిన్నవారు, ఆవిడ పళ్లెంలో మీ ఇంటి కూర వడ్డించి ఎలా ఉందని అడిగినవారు, బాగున్నదని ఆవిడ అంటే ఇంటికి పోయి ఆ మాట చెప్పుకున్నవారు, లేచి నిలబడండి. ఆవిడకు ఏ రుచీ తెలియడం లేదని మీలో ఎవరు గమనించారో, వాళ్లు చెయ్యెత్తండి. ఎత్తిన చేతులు అందరికీ కనబడేదాకా పేరు సంగతి ఎవరూ మాట్లాడవద్దు.